గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభం కాదు!

రిపేరు షాపు పెట్టాలనుకుంటున్నారా? షట్టర్ ఎత్తే ముందే వేసుకోవాల్సిన లెక్కలివి

కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలు ఆగగానే వీపున బ్యాగులతో కుర్రాళ్లు ఎక్కేస్తుంటారు. మదనపల్లె, పుంగనూరు బస్టాండ్లలోనూ ఇదే దృశ్యం. డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ... ఏదో ఒక పట్టా చేతిలో ఉంటుంది. అవతల ఏదో ఒక ఉద్యోగం ఉంటుంది. అయితే బస్సెక్కే ముందు చాలామందికి ఒక్కసారైనా ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. 'ఊళ్లోనే చిన్న అంగడి పెట్టుకుంటే పోదా? బండ్లో, మోటార్లో, సెల్‌ఫోన్లో బాగు చేసుకుంటే బతకలేమా?'

ఇంట్లో ఈ మాట ఎత్తగానే రెండు రకాల సమాధానాలు వస్తాయి. 'మన వీధి మెకానిక్ రోజుకు మూడు వేలు సంపాదిస్తాడంట, పెట్టుకో' అంటారు ఒకరు. 'రిపేరు పనిలో ఏం మిగులుతుందిరా దుడ్డు? ఉద్యోగం చూసుకో' అంటారు ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది అంచనానే. లెక్క ఎవరూ వేయలేదు. ఆ రోజుకు మూడు వేల రూపాయలనే తీసుకుని, అందులో నిజంగా చేతికి మిగిలేది ఎంతో చూద్దాం. ఇక్కడ వాడిన ధరలు, సంఖ్యలు లెక్క అర్థం కావడానికి ఉదాహరణగా వేసుకున్నవి. మీ ఊళ్లో అద్దె ఎంత, స్పేర్లు ఎంత, కూలీ ఎంత అన్నది కనుక్కుని ఆ స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. పద్ధతి మాత్రం మారదు.

ముందు ఈ అయిదు మాటలు

కామర్స్ విద్యార్థులకు ఇవి తెలిసినవే. మిగతావాళ్లు ఒకసారి చూసుకోండి.

రాబడి: కస్టమర్ల దగ్గర తీసుకున్న మొత్తం డబ్బు. స్పేర్ల ధర, లేబర్ చార్జి రెండూ కలిపి.

నేరు ఖర్చు: ఆ పని వస్తేనే అయ్యే ఖర్చు. స్పేర్లు, ఆయిల్, తీగ, సోల్డరింగ్ సామాను వంటివి. పని రాకపోతే ఈ ఖర్చూ ఉండదు.

స్థూల లాభం: రాబడిలోంచి నేరు ఖర్చు తీసేస్తే మిగిలేది.

స్థిర ఖర్చు: పని వచ్చినా రాకపోయినా కట్టాల్సింది. అద్దె, కరెంటు, హెల్పర్ జీతం, అప్పు మీద వడ్డీ, పనిముట్ల అరుగుదల.

నికర లాభం: స్థూల లాభంలోంచి స్థిర ఖర్చు పోగా మిగిలేది. ఇందులోంచి మీ సొంత కష్టానికి జీతం కూడా తీసేశాక ఉన్నదే అసలు లాభం. చాలామంది మర్చిపోయేది ఈ చివరి మాటనే.

పుంగనూరులో బైక్ షాపు: ఒక్క బిల్లు విప్పి చూస్తే

పుంగనూరులో ఒక చిన్న టూ వీలర్ మెకానిక్ షాపు ఉందనుకుందాం. ఒక బండి సర్వీసుకు వచ్చింది. ఇంజిన్ ఆయిల్‌కు 420, బ్రేక్ షూలకు 220, ఎయిర్ ఫిల్టర్‌కు 160, లేబర్ 350. మొత్తం బిల్లు 1,150 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు చూడండి. ఆయిల్ కొన్నది 360కి, బ్రేక్ షూలు 170కి, ఫిల్టర్ 120కి. అంటే స్పేర్లకే 650 పోయింది. గ్రీజు, కడగడానికి వాడే పెట్రోలు, వేస్ట్ బట్టలకు ఒక 20 వేసుకుందాం. మిగిలింది 480. బిల్లులో దాదాపు 42 శాతం. అందులో స్పేర్ల మీద వచ్చింది 150 మాత్రమే. మిగతాదంతా చేతి పని విలువ.

ఇక్కడ తెలిసేది ఒకటుంది. గల్లాపెట్టెలో పడ్డ 1,150లో సగానికి పైగా మీది కాదు. అది స్పేర్ల అంగడివాడి డబ్బు. మీ చేతుల మీదుగా వెళ్తోంది అంతే. ఆ డబ్బును సొంత ఖర్చుకు వాడేస్తే, మరుసటి వారం స్పేర్లు తేవడానికి అప్పు చేయాల్సి వస్తుంది.

అన్ని బండ్లూ పెద్ద సర్వీసుకు రావు. క్లచ్ వైరు మార్చడం, ప్లగ్ శుభ్రం చేయడం వంటి చిన్న పనులూ ఉంటాయి. అన్నీ కలిపి సగటున బండికి 600 బిల్లు, అందులో 270 స్థూల లాభం అనుకుందాం. రోజుకు 5 బండ్లు. అంటే రోజుకు 3,000. ఆ బంధువు చెప్పిన మూడు వేలు ఇవే! నెలకు 26 పని దినాలు వేసుకుంటే 130 బండ్లు.

నెల రాబడి: 130 × 600 = 78,000
నెల స్థూల లాభం: 130 × 270 = 35,100

ఇక స్థిర ఖర్చులు:
షాపు అద్దె 6,000
హెల్పర్ జీతం 9,000
కరెంటు 1,200
ఫోను, టీ, రానుపోను ఖర్చులు 1,500
పనిముట్ల అరుగుదల 1,000
అప్పు మీద వడ్డీ 800
మొత్తం 19,500

35,100లోంచి 19,500 తీస్తే 15,600. 78,000 రాబడిలో నెలకు మిగిలింది ఇదే. సరిగ్గా అయిదో వంతు.

ఇంకా ఒక మెట్టు ఉంది. ఇదే పనితనంతో మీరు వేరే వాళ్ల షాపులో చేరి ఉంటే నెలకు 15,000 జీతం ఇచ్చేవాళ్లు అనుకుందాం. సొంత షాపులో మీకు మీరే ఆ జీతం ఇచ్చుకోవాలి కదా! అది తీసేస్తే అసలు లాభం 600 రూపాయలు. అంటే ఈ షాపు మీకు ఉద్యోగం ఇచ్చింది కానీ, పెట్టుబడికీ తలనొప్పికీ ఇంకా ఏమీ ఇవ్వలేదు.

ఆరో బండి దగ్గర ఉంది మలుపు

ఇది చదివి 'అయితే షాపు దండగ' అనుకోకండి. ఇదే లెక్కను ఇంకోలా వేసి చూద్దాం. రోజుకు 5 కాకుండా 6 బండ్లు వచ్చాయనుకోండి. నెలకు 156 బండ్లు. స్థూల లాభం 42,120. అద్దె పెరగలేదు, హెల్పర్ జీతం పెరగలేదు. స్థిర ఖర్చు అదే 19,500. మిగిలింది 22,620. మీ జీతం 15,000 పోగా అసలు లాభం 7,620.

రోజుకు ఒక్క బండి పెరిగితే అసలు లాభం 600 నుంచి 7,620కి చేరింది. ఒక్క బండి తగ్గినా అంతే వేగంగా కిందికి పోతుంది. 4 బండ్లే వస్తే చేతికి మిగిలేది 8,580. మీ జీతం కూడా పూర్తిగా రాదు. చిన్న వ్యాపారంలో గెలుపూ ఓటమీ రోజుకు ఒకటి రెండు బండ్ల తేడాలోనే ఉంటాయి.

అందుకే షాపు తెరిచే ముందు తెలుసుకోవాల్సిన అంకె 'బ్రేక్ ఈవెన్'. నష్టం లేకుండా గట్టెక్కాలంటే ఎన్ని పనులు రావాలి?

స్థిర ఖర్చు ÷ ఒక్కో పని మీద స్థూల లాభం = కావాల్సిన పనుల సంఖ్య

19,500ను 270తో భాగిస్తే 72 దాటింది. అంటే నెలకు 73 బండ్లు వస్తే అద్దె, జీతాలు గట్టెక్కుతాయి. మీ జీతం 15,000 కూడా కలిపితే 34,500ను 270తో భాగించాలి. 128 బండ్లు. రోజుకు దాదాపు అయిదు. మీరు షాపు పెట్టాలనుకుంటున్న వీధిలో రోజుకు అయిదు బండ్లు వచ్చే అవకాశం ఉందా? ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదు. ఆ దారిలో ఉన్న ఏదైనా షాపు ఎదుట మూడు రోజులు టీ తాగుతూ లెక్కబెట్టుకోండి. ఒకటి సంత రోజు, ఒకటి మామూలు రోజు, ఒకటి ఆదివారం ఉండేలా చూసుకోండి.

మదనపల్లెలో వైండింగ్ షాపు: ఏప్రిల్ చూసి మోసపోవద్దు

బైక్ షాపుకు ఏడాది పొడవునా ఎంతో కొంత పని ఉంటుంది. కొన్ని రిపేర్లు అలా కాదు. మదనపల్లె చుట్టుపక్కల సాగు బోర్ల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఎండలు ముదిరి నీటిమట్టం దిగిపోతే మోటార్లు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతాయి. వోల్టేజీ పడిపోయినా అదే గతి. అప్పుడు వైండింగ్ షాపుల ముందు మోటార్లు వరస కడతాయి. వానలు పడగానే ఆ వరస కరిగిపోతుంది.

ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు రీవైండింగ్‌కు 6,500 తీసుకుంటున్నారనుకుందాం. రాగి తీగ, బుష్‌లు, సీళ్లకు 4,200, పనివాడికి 500. మిగిలేది 1,800. ఫిబ్రవరి నుంచి మే వరకు నాలుగు నెలలు నెలకు 30 మోటార్లు, మిగతా ఎనిమిది నెలలు నెలకు 12 మోటార్లు వస్తాయి. స్థిర ఖర్చు ప్రతి నెలా 20,000.

సీజన్లో నెలకు: 30 × 1,800 = 54,000. ఖర్చు పోగా 34,000.
సీజన్ కానప్పుడు నెలకు: 12 × 1,800 = 21,600. ఖర్చు పోగా 1,600.
ఏడాదికి: 1,36,000 + 12,800 = 1,48,800. అంటే నెలకు సగటున 12,400.

ఏప్రిల్లో 34,000 చూసినవాడు 'నా ఆదాయం ఇంత' అనుకుని కొత్త బండి ఈఎంఐ పెట్టుకుంటే ఆగస్టులో కట్టలేడు. సీజన్ ఉన్న పనికి నెల లెక్క చాలదు. ఏడాది లెక్కే లెక్క. సీజన్లో వచ్చిన డబ్బులోంచి నెలకు 12,400 మాత్రమే ఇంటికి తీసుకుని, మిగతాది పక్కన పెడితేనే మిగతా నెలలు గడుస్తాయి. ఖాళీ నెలల్లో మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్ల వైండింగ్ కూడా తీసుకునే షాపులు నిలదొక్కుకునేది అందుకే.

ఈ పనిలో ఇంకో రెండు చిక్కులున్నాయి. మొదటిది రాగి ధర. మోటారుకు మూడున్నర కిలోల తీగ పడుతుందనుకోండి. కిలో మీద 100 రూపాయలు పెరిగితే ఖర్చు 350 పెరుగుతుంది. మీరు రేటు మార్చకపోతే 1,800లో దాదాపు అయిదో వంతు ఎగిరిపోయినట్టే. అందుకే రేటు చెప్పేటప్పుడు 'ఈ వారం వరకే ఈ ధర' అని చెప్పడం అలవాటు చేసుకోవాలి. రెండోది పాత తీగ. కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగికి మంచి ధర ఉంటుంది. అది రైతు తీసుకెళ్తాడా, షాపులో వదిలేస్తాడా అన్నది ముందే మాట్లాడుకోవాలి. షాపుకు వదిలితే దాన్ని అమ్మగా వచ్చిన డబ్బూ రాబడే. జేబులో వేసుకుంటే లెక్క తప్పుతుంది.

'టమోటా అమ్మినాక ఇస్తాలేప్పా'

మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోనే పేరున్న పెద్ద మార్కెట్. 2023 జులైలో అక్కడ మొదటి రకం టమాటా కిలో 150 రూపాయలు దాటింది. అదే మార్కెట్లో కోత కూలీ కూడా రాక పంటను పారబోసిన రోజులూ ఉన్నాయి. ఆ ధర ఊగినప్పుడల్లా దాని మీద ఆధారపడ్డ ప్రతి అంగడీ ఊగుతుంది. మోటారు బాగు చేయించుకున్న రైతు 'టమోటా లోడు అమ్మినాక ఇస్తాలేప్పా' అంటాడు. ఆయన ఉద్దేశం మంచిదే. నీళ్లు లేకపోతే పంట ఎండిపోతుందని మీరూ కాదనలేరు. కానీ లోడు అమ్మిన రోజు ధర లేకపోతే?

అరువు లెక్క చూడండి. 6,500 బిల్లు రాలేదు. చాలామంది 'నాకు లాభం 1,800 పోయింది' అనుకుంటారు. కాదు. తీగకు, కూలీకి మీ జేబులోంచి పెట్టిన 4,700 కూడా పోయింది. ఆ 4,700 తిరిగి సంపాదించాలంటే ఇంకో మూడు మోటార్లు లాభం లేకుండా చుట్టినట్టే. ఏడాదిలో ఇలా పది బిల్లులు మునిగితే 65,000. మన లెక్కలోని 1,48,800 కాస్తా 83,800 అవుతుంది. నెలకు ఏడు వేలు కూడా రాదు.

అరువు పూర్తిగా మానేస్తే పల్లెల్లో వ్యాపారం నడవదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. సామాన్ల ఖర్చు ముందే తీసుకోవడం, లేబర్ డబ్బు మాత్రమే అరువుగా ఇవ్వడం చాలా షాపులకు సరిపోయే పద్ధతి. 'పెద్దాయనా, తీగ డబ్బులు ఇప్పుడిచ్చేయండి, చేతి పనివి పంటకివ్వండి' అని గౌరవంగా చెబితే ఎవరూ నొచ్చుకోరు. అప్పుడు బిల్లు మునిగినా మీ కష్టమే పోతుంది, పెట్టుబడి పోదు. నెలాఖరున రాబడి లెక్కలో 'వచ్చింది', 'రావాల్సింది' అని రెండు గడులు విడిగా రాసుకోండి.

కుప్పంలో సెల్‌ఫోన్ షాపు: స్టాకు చెప్పే నిజం

కుప్పం ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక సరిహద్దులున్న ఊరు. ద్రవిడ విశ్వవిద్యాలయం, మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులతో సెల్‌ఫోన్ రిపేర్లకు గిరాకీ ఉంటుంది. తెలుగుతో పాటు తమిళం, కన్నడం నాలుగు మాటలు వచ్చినవాడికి ఇక్కడ కస్టమర్లు పెరుగుతారు. అయితే ఈ పనిలో లాభం దాక్కునేది, మాయమయ్యేది స్టాకులో.

డిస్‌ప్లే మార్చడానికి 2,000 తీసుకుంటారు. డిస్‌ప్లే కొన్నది 1,400కి. మిగిలేది 600. ఇది ఎంత శాతం? కొన్న ధర మీద చూస్తే 43 శాతం. అమ్మిన ధర మీద చూస్తే 30 శాతం. మొదటిది మార్కప్, రెండోది మార్జిన్. ఈ రెండింటినీ కలిపేస్తే చిక్కే. 'తెలిసినవాడు కదా, పది శాతం తగ్గిద్దాం' అని 200 వదిలేశారనుకోండి. కస్టమర్‌కు అది పది శాతమే. మీకు మాత్రం 600లో 200, అంటే లాభంలో మూడో వంతు!

పైగా ప్రతి డిస్‌ప్లే సాఫీగా సాగదు. 20 ఫోన్లకు మారిస్తే ఒకటి బిగించేటప్పుడు పగిలింది, ఒకటి వారంలో గీతలు వచ్చి వారంటీ కింద తిరిగొచ్చింది, సరఫరాదారు వెనక్కి తీసుకోలేదు. 20 × 600 = 12,000 లోంచి రెండు డిస్‌ప్లేల ధర 2,800 తీసేయాలి. 9,200. ఒక్కో పనికి నిజంగా వచ్చింది 460. మీ రేటు నిర్ణయించాల్సింది 600 చూసి కాదు, 460 చూసి.

ఇప్పుడు నెల లెక్క. ఆ నెల రాబడి 60,000. స్పేర్లు కొన్నది 35,000. 'అయితే స్థూల లాభం 25,000' అనేస్తారు. ఆగండి. కొన్నవన్నీ ఆ నెలే వాడలేదు. పాత స్టాకూ కొంత వాడారు. సరైన సూత్రం ఇది:

నెల మొదట్లో ఉన్న స్టాకు + ఆ నెల కొన్నది − నెలాఖరున మిగిలిన స్టాకు = నిజంగా వాడిన సరుకు

మొదట్లో 40,000 సరుకుంది. 35,000కి కొన్నారు. చివర్లో 48,000 మిగిలింది. వాడింది 27,000. స్థూల లాభం 60,000 − 27,000 = 33,000. అంటే అనుకున్నదానికంటే 8,000 ఎక్కువ. ఆ డబ్బు గల్లాలో కనిపించదు. అద్దాల బీరువాలో స్టాకు రూపంలో ఉంది.

ఇక్కడితో సంబరపడకూడదు. ఆ 48,000లో ఎవరూ అడగని పాత మోడళ్ల డిస్‌ప్లేలు, కవర్లు, టెంపర్డ్ గ్లాసులు 8,000 విలువైనవి ఉన్నాయనుకోండి. అవి అమ్ముడుపోవు. వాటికి విలువ సున్నా. అప్పుడు చివరి స్టాకు 40,000. వాడినట్టు లెక్క 35,000. స్థూల లాభం మళ్లీ 25,000కే వచ్చింది. రోజుకో కొత్త మోడల్ వచ్చే ఈ రంగంలో స్టాకు ఎక్కువ పెట్టుకోవడం గొప్ప కాదు. తరచూ వచ్చే మోడళ్లవి మాత్రమే ఉంచుకుని, మిగతావి ఆర్డరు వచ్చాక తెప్పించుకోవడం మేలు.

లాభం వేరు, చేతిలో నగదు వేరు

పుంగనూరు షాపు లెక్కలో వడ్డీ 800 వేశాం. అది 80,000 అప్పు మీద ఏడాదికి 12 శాతం చొప్పున మొదటి నెల వడ్డీ. మూడేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ సుమారు 2,657 అవుతుంది. అందులో వడ్డీ మాత్రమే ఖర్చు. మిగిలిన 1,857 అసలు కింద పోతుంది. అది ఖర్చు కాదు కాబట్టి లాభం లెక్కలో కనిపించదు. జేబులోంచి మాత్రం పోతుంది. లాభం 15,600 అని లెక్క చెప్పినా ఇంటికి తీసుకెళ్లగలిగేది దాదాపు 13,700 మాత్రమే.

పనిముట్ల అరుగుదల దీనికి తిరగబడ్డ లెక్క. 60,000 పెట్టి కంప్రెసర్, పానాల సెట్లు, ఇతర పనిముట్లు కొన్నారు. అయిదేళ్లు వస్తాయనుకుంటే నెలకు 1,000 ఖర్చు. ఆ డబ్బు ఈ నెల బయటికి పోదు. అయినా పక్కన పెట్టకపోతే అయిదేళ్ల తర్వాత కొత్త కంప్రెసర్‌కు మళ్లీ అప్పే.

బెంగళూరు ఉద్యోగంతో పోలిస్తే?

ఈ లెక్క కూడా నిజాయతీగా వేయాలి. బెంగళూరులో 22,000 జీతం అనుకుందాం. హాస్టల్, భోజనం 9,000, సిటీలో తిరగడానికి, ఫోనుకు 3,000, ఊరికి వచ్చి పోవడానికి 1,500. మిగిలేది 8,500. ఊళ్లో షాపు మీద చేతికి వచ్చేది 13,700. ఇంట్లో భోజనానికీ డబ్బు అవుతుంది కదా, దానికి 4,000 ఇచ్చారనుకుంటే 9,700.

పైకి షాపే నయం. కానీ ఉద్యోగంలో జీతం మొదటి నెల నుంచే వస్తుంది. చాలా చోట్ల పీఎఫ్ ఉంటుంది. జ్వరం వచ్చి వారం పడుకున్నా సెలవులుంటాయి. షాపు మూస్తే ఆ వారం రాబడి లేదు, అద్దె మాత్రం ఉంటుంది. పైగా మొదటి రోజు నుంచే అయిదు బండ్లు రావు. మొదటి ఆరు నెలలు రెండు మూడు బండ్లతోనే నడిచేలా కనీసం ఆ ఆరు నెలల స్థిర ఖర్చు చేతిలో ఉండాలి. మన ఉదాహరణలో అది 1,17,000. ఇది లేకుండా మొదలుపెట్టిన షాపు పనితనం లేక కాదు, ఊపిరాడక మూతపడుతుంది. అంత డబ్బు లేనివాళ్లు హెల్పర్ లేకుండా, తక్కువ అద్దె గదిలో మొదలుపెట్టి స్థిర ఖర్చును సగానికి తగ్గించుకోవచ్చు. లేదా ఏడాది రెండేళ్లు ఉద్యోగం చేసి ఆ డబ్బు కూడబెట్టుకుని రావచ్చు. ఇవన్నీ సరైన దారులే.

శిక్షణ, రుణం, పన్ను

* గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు (ఆర్‌సెటీలు) బ్యాంకుల ఆధ్వర్యంలో నడుస్తాయి. మోటార్ రీవైండింగ్, సెల్‌ఫోన్ రిపేరు, టూ వీలర్ మెకానిక్ వంటి స్వల్పకాలిక కోర్సుల్లో భోజన వసతితో ఉచిత శిక్షణ ఇస్తాయి. మీ బ్యాంకు శాఖలో అడిగితే దగ్గర్లోని కేంద్రం చెబుతారు.
* ముద్ర పథకంలో పూచీకత్తు లేకుండా 'శిశు' కింద 50 వేల వరకు, 'కిశోర్' కింద 5 లక్షల వరకు రుణం ఉంటుంది. బ్యాంకు మేనేజర్ అడిగేది పైన వేసిన లెక్కలే. ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.
* ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం. దానికి డబ్బులు అడిగే దళారుల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.
* సేవలు అందించే వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇక్కడ చూసేది లాభం కాదు, మొత్తం రాబడి. మన బైక్ షాపుది ఏడాదికి 9,36,000. పరిమితి లోపలే ఉంది.
* ఆదాయ పన్నులో చిన్న వ్యాపారులకు రాబడిలో 8 శాతాన్ని, డిజిటల్ చెల్లింపులైతే 6 శాతాన్ని లాభంగా చూపే వెసులుబాటు ఉంది. అది పన్ను కోసం. మీ షాపు నిజంగా ఎంత సంపాదిస్తోందో దాన్ని బట్టి తెలియదు. మీ నోటుబుక్కు మీకు ఉండాల్సిందే.

రోజుకు పది నిమిషాల పుస్తకం

కంప్యూటర్ అక్కర్లేదు. గీతల నోటుబుక్కులో ఏడు గడులు చాలు: తేదీ, పని, మొత్తం బిల్లు, స్పేర్ల కొన్న ధర, మిగిలింది, వచ్చిన డబ్బు, రావాల్సిన డబ్బు. షట్టర్ దించే ముందు పది నిమిషాలు కూర్చుంటే చాలు. షాపుకు వేరే బ్యాంకు ఖాతా, దానికే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. ఇంటి ఖర్చుకు నెలకు ఒక్కసారి 'జీతం' అని రాసి తీసుకోండి. మధ్యలో గల్లాలోంచి వంద తీసినా పుస్తకంలో పడాలి.

షాపు పెట్టకపోయినా...

ఈ లెక్కలు నేర్చుకున్నవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. బ్యాంకులు, చిన్న రుణాల సంస్థల్లో ఫీల్డ్ ఆఫీసర్లు చేసే పని ఇదే. ఒక అంగడికి వెళ్లి, రోజుకు ఎన్ని పనులు, ఎంత మిగులుతుంది, ఈఎంఐ కట్టగలరా అని అంచనా వేయాలి. ఇంటర్వ్యూలో 'రోజుకు 3,000 గల్లా ఉన్న మెకానిక్‌కు ఎంత రుణం ఇస్తారు?' అని అడిగితే, 'ముందు స్పేర్ల ఖర్చు, స్థిర ఖర్చు కనుక్కుంటాను' అని మొదలుపెట్టి లెక్క వేసి చూపగలిగితే మిగతావారికంటే ముందుంటారు. పోటీ పరీక్షల్లో వచ్చే లాభనష్టాల ప్రశ్నలకూ మార్కప్, మార్జిన్ తేడా ఉపయోగపడుతుంది.

మీరే వేసి చూడండి

మిక్సీలు, గ్రైండర్లు బాగు చేసే షాపు. నెలకు 25 రోజులు, రోజుకు 4 పనులు. సగటు బిల్లు 400, స్పేర్లకు 150. స్థిర ఖర్చు నెలకు 12,000. వేరే చోట పని చేస్తే యజమానికి వచ్చే జీతం 12,000. రాబడి, స్థూల లాభం, నికర లాభం, అసలు లాభం ఎంత? తన జీతంతో సహా గట్టెక్కాలంటే నెలకు ఎన్ని పనులు రావాలి?

జవాబు: రాబడి 40,000. స్థూల లాభం 25,000. నికర లాభం 13,000. అసలు లాభం 1,000. కావాల్సిన పనులు 96. అంటే నెలలో ఒక్క రోజు షాపు మూసినా ఆ వెయ్యి రూపాయలు ఉండవు.